పేస్ట్ ఐసీ

సెల్‌ఫోన్ రిపేరు కొట్లు ఎన్ని ఉన్నా పనివాళ్ళు రెండే రకాలు. డిస్‌ప్లే, బ్యాటరీ, చార్జింగ్ పిన్ను మార్చి పంపేవాళ్ళు ఒక రకం. బోర్డు మీద చెయ్యి వేసేవాళ్ళు రెండో రకం. ఈ రెండో రకంలోనూ, బోర్డు మీద పేస్ట్ కనపడగానే ఫోను మూసేసి “ఇది కాదులెండి, కొత్తది కొనుక్కోండి” అనేవాళ్ళే ఎక్కువ. వైరాలో మధిర రోడ్డు మీద ఆ మాట అనని కుర్రాడొకడున్నాడు. కుర్రాడంటే ముప్ఫై దాటినవాడే. ఖమ్మంలో కొట్లు పెట్టుకున్నవాళ్ళు కూడా తమ వల్ల కాని సెట్లను కవర్లో చుట్టి బస్సులో ఇతనికి పంపుతుంటారు.

పేస్ట్ అంటే మరేం లేదు, బంక. ఫోను బోర్డు మీద పెద్ద చిప్పులకు కాళ్ళుండవు. పొట్ట కింద వరసలు వరసలుగా అర మిల్లీమీటరు కూడా లేని సోల్డర్ గుళ్ళుంటాయి. చిప్పు నిలబడేది వాటి మీదే. ఫోను వేడెక్కినప్పుడు చిప్పులోని సిలికాన్ కొంచెమే సాగుతుంది, కింద ఉన్న బోర్డు దానికి అయిదారు రెట్లు సాగుతుంది. రోజూ ఈ వేడెక్కడం, చల్లారడంలో మధ్యనున్న గుళ్ళు నలిగి నలిగి చిట్లుతాయి. పైగా మన ఫోను చేతిలో ఉన్నంతసేపు నేల మీదా ఉంటుంది. అందుకని ఫ్యాక్టరీలో చిప్పు అతికించాక అంచున ఎపాక్సీ బంక వేస్తారు. అది సందులోకి తనంతట తనే పాకి గుళ్ళ చుట్టూ నిండిపోతుంది. వేడి పెట్టి దాన్ని గట్టిపరుస్తారు. ఇక ఫోను పడ్డా చిప్పు కదలదు. అలా బంక పోసిన చిప్పునే పేస్ట్ ఐసీ అంటారు. ఫోను బతకాలని పోసిన బంక అది. రేపు దాన్ని బాగుచేసేవాడి గతేమిటన్నది కంపెనీవాడికి పట్టలేదు.

సోల్డరైతే వేడికి కరుగుతుంది. సీసం కలిసిన పాత సోల్డరు 183 డిగ్రీలకే కరిగేది. 2006లో యూరప్ సీసాన్ని కట్టడి చేశాక ఫోన్ల కంపెనీలన్నీ తగరం, వెండి, రాగి కలిపిన సోల్డరుకు మారాయి. అది కరగాలంటే 217 దాటాలి. బంక మాత్రం ఎంత వేడికీ కరగదు. ఒక హద్దు దాటాక మెత్తబడి, గిల్లితే పొడిగా రాలుతుంది. ఇంకా పెంచితే మాడుతుంది. ఆ మెత్తబడే అదను చూసి చిప్పు లేపాలి. తొందరపడితే చిప్పుతో పాటు కిందున్న రాగి పాడ్‌లు లేచొస్తాయి. ఆలస్యం చేస్తే పక్క చిప్పు కింద సోల్డరూ కరుగుతుంది. కరిగితే ఉబ్బుతుంది. చుట్టూ బంక బిగించి ఉంది గనక పోయే దారి లేక, ఎక్కడో సందు చేసుకుని సన్నని పూసలుగా బయటికి చిమ్ముతుంది. అంతే సంగతులు. ఒకదాని కోసం పోతే రెండూ పోతాయి.

ఇదంతా నాకెలా తెలుసంటే, సాయంత్రం పూట ఆ కొట్లో కూర్చోవడం నాకు అలవాటు. మైక్రోస్కోపుకు ఒక చిన్న టీవీ తగిలించుకున్నాడు. బోర్డు మీద జరిగేదంతా అందులో పెద్దగా కనిపిస్తుంది. ఇంట్లో నడిచే సీరియళ్ళ కన్నా ఉత్కంఠగా ఉంటుంది, పైగా మధ్యలో ప్రకటనలుండవు.

ఆ మధ్య, మిరప చేలు కాపు మీద ఉండాల్సిన రోజుల్లో, ఒక పెద్దాయన వచ్చాడు. ఏన్కూరు అవతల అడవి అంచున ఊరు. భుజాన తువ్వాలు, చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో ఫోను, పట్టాదారు పాస్‌బుక్కు.

“రా బాబాయ్, కూర్చో,” అంటూ మా కుర్రాడు స్టూలు జరిపాడు. శిష్యుడు పిల్లాడు నీళ్ళిచ్చాడు.

మోటారు వేయడానికి కాలవ గట్టు మీద వంగితే జేబులోంచి జారి నీళ్ళలో పడిందట. తీసి రెండ్రోజులు బియ్యం డబ్బాలో పెట్టారు. ఈ బియ్యం వైద్యం ఎవరు కనిపెట్టారోగాని, ఫోను ఆరకపోగా లోపల చిలుం పట్టడానికి కావాల్సినంత టైము దొరుకుతుంది. ఆన్ కాలేదు. చార్జర్ పెడితే వేడెక్కింది. ఇంకో ఊళ్ళో చూపిస్తే పేస్ట్ ఐసీ, కాదు పొమ్మన్నారు.

“నిజం చెప్పాలంటే కొత్తది తీసుకోవడమే మేలు బాబాయ్. దీనికి పెట్టే డబ్బుల్తో సగం ఫోను వస్తది.”

“నాకు ఫోనెందుకయ్యా! అందులో ఒక ఫోటో ఉంది. ఆ ఫోటో తీసియ్యి, ఫోను నువ్వే ఉంచుకో.”

పెళ్ళి ఫోటోనో, పోయినవాళ్ళ ఫోటోనో అనుకున్నాం. కాదు. విత్తనాల బిల్లు.

సొంతం రెండెకరాలు, కౌలు మూడెకరాలు. మొత్తం మిరపే వేశాడు. తేజ రకం పండితే ఖమ్మం మార్కెట్లో దానికుండే గిరాకీ తెలిసిందే కదా. పది గ్రాముల ప్యాకెట్ల లెక్కన కొన్న విత్తనం. మొక్క ఏపుగా పెరిగింది, పూత రాలింది, కాపు లేదు. అక్కడో చెట్టు ఇక్కడో చెట్టు కాస్తే ఒకటి పొడుగు కాయ, ఒకటి బొడిపె కాయ.

“వ్యవసాయం ఏఓ సారొచ్చి చేను చూసిండు. విత్తనంలనే తేడా ఉంది, బిల్లు పట్టుకరా, కంపెనీకి రాద్దాం అన్నడు. ఇగో, ఇదీ బిల్లు.”

పాస్‌బుక్కు కవర్లోంచి కాగితం తీశాడు. తెల్లగా ఉంది. ఒక్క అక్షరం లేదు. మిషన్లోంచి వచ్చే నున్నటి కాగితం మీద సిరా ఉండదు, వేడికి రంగు మారే మందు పూసి ఉంటుంది. ప్లాస్టిక్ కవర్లో పెడితే కవర్లోని రసాయనం ఆ మందును తినేస్తుంది. భద్రంగా దాచుకున్న బిల్లే తొందరగా మాయమవుతుంది. ఈ సంగతి ఆ కాగితం ఇచ్చేవాళ్ళెవరూ చెప్పరు.

“కొన్ననాడే ఎందుకన్నా మంచిదని ఫోటో తీసి పెట్టుకున్న. అది ఫోన్లనే ఉండిపాయె.”

“ప్యాకెట్లు?”

“నారు పోసిన్నాడే పొయ్యిలో పడ్డయి. ఎవరనుకున్నరు? ఆ షావుకారు మనోడేనాయె. ఎప్పుడు పోయినా ‘రా బాబాయ్’ అని కుర్చీ ఏస్తడు, చాయ్ తెప్పిస్తడు. ఇప్పుడు పోతే, నా దగ్గర కొన్నట్టు ఏం రుజువుంది అంటుండు.”

నాకు ఊరుకోబుద్ధి కాలేదు. 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం డీలరు కొన్న ప్రతివాడికీ క్యాష్ మెమోనో క్రెడిట్ మెమోనో ఇచ్చి తీరాలని చెప్పాను. రైతు కూడా వినియోగదారుడే, విత్తనం మోసం చేస్తే వినియోగదారుల ఫోరానికి వెళ్ళొచ్చు అని 2012లో సుప్రీంకోర్టు చెప్పిందనీ, ఆ కేసు మొదట వేసింది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులేననీ చెప్పాను. పెద్దాయన అన్నీ విని, “అయితే బిల్లుంటే చాలు గదా?” అన్నాడు.

“బిల్లే ప్రాణం,” అన్నాను.

మా కుర్రాడికి రోషం వచ్చింది. గల్లాపెట్టె మీది పుస్తకంలోంచి ఒక చీటీ చించి, వెనక్కి తిప్పి తొమ్మిది చుక్కలు పెట్టి, పెద్దాయన చూపించిన ప్యాటర్న్ లాక్ గీసుకుని ఫోనుకు అంటించాడు. “మూడు వేలవుద్ది బాబాయ్. ఫోటో రాకపోతే రూపాయి ఇవ్వొద్దు,” అన్నాడు.

పాత రోజులైతే మెమరీ చిప్పొక్కటి ఊడదీసి, బాక్సులో పెట్టి చదివిస్తే ఫోటోలు బయటపడేవి. ఇప్పటి ఫోన్లు ప్రతిదాన్నీ తాళం వేసి దాస్తాయి. ఆ తాళంచెవి సీపీయూ కడుపులో ఉంటుంది, ఏం చేసినా బయటికి రాదు. కాబట్టి ఈ మెమరీ, ఈ సీపీయూ రెండూ కలిసి బతికితేనే ఫోటో. గూగుల్‌లో దాచుకునే ఏర్పాటుందిగానీ, డేటా అయిపోతుందని పెద్దాయన దాన్ని ఎప్పుడో ఆపించేశాడు.

బోర్డు బయటికి తీసి, పవర్ సప్లై తగిలిస్తే స్విచ్చు నొక్కకముందే కరెంటు లాగేస్తోంది. షార్టు. ఎక్కడో తెలియాలిగా? దానికో చిట్కా ఉంది. వేడి ఐరన్‌ను రోజిన్‌లో ముంచి ఆ పొగను బోర్డుకు పట్టిస్తాడు. బోర్డంతా తెల్లటి పొర కమ్ముతుంది. అప్పుడు సన్నగా ఒక వోల్టు కరెంటు వదులుతాడు. షార్టయిన చోట వేడి పుట్టి అక్కడి తెలుపు మాత్రం కరిగిపోతుంది. టీవీలో చూస్తున్నాం. అన్ని చోట్లా తెల్లగా ఉంది, పవర్ ఐసీ నడుమ మాత్రం నల్లటి చుక్క ఒకటి పుట్టి పెద్దదైంది.

పవర్ ఐసీ పోయింది. పేస్ట్ ఐసీ. పక్కనే, గోరు పట్టేంత ఎడం కూడా లేకుండా సీపీయూ. అదీ పేస్టే.

హైదరాబాద్ జగదీష్ మార్కెట్ నుంచి అదే మోడల్ చచ్చిన బోర్డొకటి ఆర్టీసీ కార్గోలో తెప్పించాడు. పెద్దాయనను ఆ రోజుకు రమ్మన్నాడు. ముందు ఆ బోర్డు మీది ఐసీ తీశాడు. అక్కడ చిప్పు బతకాలి, బోర్డు ఏమైపోయినా పర్లేదు. అడుగునుంచి వేడి పెట్టి, బోర్డునే వంచి, చిప్పును వలిచి తీశాడు. గుళ్ళన్నీ తుడిచి, బంక గీకి, స్టెన్సిల్ పెట్టి సోల్డర్ పేస్టు రుద్ది కొత్త గుళ్ళు వేశాడు. అది సులువైన సగం. పెద్దాయన ఫోన్లో లెక్క తిరగబడుతుంది. అక్కడ చిప్పు ముక్కలైనా పర్లేదు, బోర్డు మీద గీత పడకూడదు.

“బాబాయ్, మందంగా ఉండే పాత ఐదు రూపాయల బిళ్ళ ఉందా?”

పెద్దాయన బొడ్లో సంచి వెతికి ఒకటి తీశాడు. సీపీయూ మీద పసుప్పచ్చని వేడి టేపు వేసి, దాని మీద ఆ బిళ్ళ పెట్టాడు. అటు పోయే వేడిని అది తాగుతుంది.

హాట్ గన్ మొదట తక్కువలో పెట్టాడు. ఐసీ అంచు చుట్టూ గాలి తిప్పుతూ, వంపు బ్లేడుతో బంకను గీకడం మొదలుపెట్టాడు. టీవీలో చూస్తే గోధుమరంగు పెళ్ళలు లేచి పడుతున్నాయి. బంకలోనే కూరుకుపోయిన ఇసుక రేణువంత కెపాసిటర్లు ఉన్నాయి, వాటిని తాకకుండా తప్పుకుంటూ పోవాలి. నాలుగు పక్కలా గీకేసరికి చాలాసేపు పట్టింది.

“మడి తడపకుండా నారు పీకితే వేరు తెగుద్ది,” అన్నాడు పెద్దాయన టీవీ వైపు చూస్తూ. “అట్లాంటిదే గదా?”

“అచ్చం అట్లాంటిదే బాబాయ్,” అన్నాడు కుర్రాడు, కన్ను తిప్పకుండా. పని చేస్తున్నంతసేపూ అతని నోరు మాత్రం ఆ షావుకారు మీదే నడుస్తోంది. “బిల్లివ్వకుండా అమ్మడమంటే ఏంటి సార్? జేబు కొట్టడమే కదా? నమ్మి వచ్చిన మనిషికి ఒక కాగితం ముక్క రాసిచ్చేదానికి ఏం పోయింది? రేపు ఏదన్నా అయితే నాకు సంబంధం లేదనేదానికే కదా ఈ ఎత్తులన్నీ. ఇట్లాంటోళ్ళని బస్టాండు సెంటర్లో నిలబెట్టాలి.” నేను ఊఁ కొట్టాను. పిల్లాడు ఊఁ కొట్టాడు. పెద్దాయన మాత్రం మొహమాటంగా నవ్వాడు.

ఫ్లక్స్ వేసి వేడి పెంచాడు. అప్పుడు మాటలాపేశాడు. గన్ను గుండ్రంగా తిరుగుతోంది. పక్కనున్న ఒక చిన్న కెపాసిటర్‌ను ట్వీజర్‌తో అలా తాకాడు, అది జరిగి మళ్ళీ తన చోటికి వచ్చింది. సోల్డరు కరిగిందన్నమాట. సీపీయూకి ఎదురు మూల నుంచి సన్నటి బ్లేడు దూర్చాడు. చిప్పు ఒక పక్కన లేచింది. ఆగాడు. ఇంకొంచెం గాలి. మళ్ళీ బ్లేడు. టక్కుమని ఊడింది.

ముందు చూసింది చిప్పు వైపు కాదు, సీపీయూ అంచు వైపు. పూసలేవీ రాలేదు. తర్వాత పాడ్‌లు. రెండు లేచిపోయాయి. కుర్రాడు కంప్యూటర్లో బోర్డు మ్యాపు తెరిచి వెతికి, ఊపిరి వదిలాడు. రెండూ దేనికీ కలవని ఖాళీ పాడ్‌లే.

మిగిలింది శుభ్రం చేయడం. సీసం కలిసిన సోల్డరు కొంచెం రాసి, ఉన్నదాన్ని తక్కువ వేడికే కరిగేలా చేసి, రాగి జడతో పీల్చేశాడు. మిగిలిన బంకను గీకాడు. కొత్త ఐసీ పెట్టి వేడి చేస్తే అది తనంతట తనే సర్దుకుని కూర్చుంది. చల్లారాక పవర్ సప్లై ముల్లు చూశాడు. సున్నా. స్విచ్చు నొక్కాడు. ముల్లు లేచింది, పడింది, మళ్ళీ లేచింది. తెర మీద కంపెనీ బొమ్మ వచ్చింది.

పిల్లాడు చప్పట్లు కొట్టాడు. పెద్దాయన లేచి నిలబడ్డాడు.

చీటీ వెనక గీసుకున్న ప్యాటర్న్ చూసి కుర్రాడు తాళం తీశాడు. గ్యాలరీలో మనవల ఫోటోలు, ఎద్దుల ఫోటోలు, మేడారం జాతరవి, ఎవరో పంపిన దేవుళ్ళు. అన్నిటినీ జరుపుకుంటూ పోతే దొరికింది. ఏ మాత్రం చెదరకుండా, వణకకుండా తీసిన ఫోటో. కాగితం మీద ప్రతి అక్షరం నల్లగా నిగనిగలాడుతోంది.

కుర్రాడు దాన్ని రెండు వేళ్ళతో పెద్దది చేశాడు. చేసి, ఏమీ అనలేదు. ఫోను నా చేతికిచ్చాడు.

విత్తనం పేరుంది. ఎన్ని ప్యాకెట్లో ఉంది. మొత్తం ఎంతో ఉంది. దుకాణం పేరు లేదు. జీఎస్టీ నంబరు లేదు, లాట్ నంబరు లేదు, సంతకం లేదు. పైన నడిమధ్యలో లావు ఇంగ్లీషు అక్షరాలతో ఒక్క మాటుంది. ఎస్టిమేట్.

“వచ్చిందా?” అన్నాడు పెద్దాయన.

“వచ్చింది గాని బాబాయ్... ఇది బిల్లు కాదు. కొంటే ఇంతవుద్దని అంచనా వేసి ఇచ్చే కాగితం. కొన్నట్టు కాదు.”

“డబ్బులు తీసుకునే ఇచ్చిండు గదా?”

“తీసుకున్నట్టు ఇందులో లేదు.”

“కంప్యూటర్ల నుంచి వచ్చింది గదయ్యా!”

దానికి మా ఇద్దరి దగ్గరా సమాధానం లేదు. ఎస్టిమేట్ అన్న మాట ఎక్కడుందో చూపించమన్నాడు. చూపించాను. దాని వంక చాలాసేపు చూశాడు.

ఫోటో ఎందుకూ పనికిరానిదని తేలాక కుర్రాడికి డబ్బులడగడానికి నోరు రాలేదు. “రెండు వేలియ్యి బాబాయ్, చాలు. బోర్డు నేను తెప్పించిందే అంతయింది. అయినా ఆ దొంగ వెధవని ఊరికే వదలొద్దు,” అన్నాడు. పెద్దాయన బనీను జేబులోంచి నోట్లు తీసి, తడి వేలితో రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చాడు. ఐదు రూపాయల బిళ్ళ తిరిగి తీసుకున్నాడు. ఫోను తీసుకున్నాడు. వెళ్ళలేదు.

“బిల్లియ్యి.”

“దీనికి బిల్లేంది బాబాయ్! ఏదన్నా అయితే తీసుకురా, నేనెక్కడికి పోతా?”

“యాడికీ పోవులే. అయినా ఇయ్యి. బిల్లే ప్రాణమని సారు చెప్పిండు గదా?”

కుర్రాడు నా వైపు చూశాడు. గల్లాపెట్టె మీది పుస్తకం దగ్గరికి లాక్కుని, తేదీ వేసి, ‘పవర్ ఐసీ మార్చినందుకు – 2000’ అని రాసి, కింద గిలికి, చీటీ చించి ఇచ్చాడు.

పెద్దాయనకు ఇంగ్లీషు రాదు. ఫోన్లో ఆ ఫోటో తనే వెతికి తెరిచాడు. కుర్రాడు చేసినట్టే రెండు వేళ్ళతో పెద్దది చేసి, ఫోను బల్ల మీద పెట్టి, పక్కన చీటీ పరిచాడు. ఫోటోలో మొదటి అక్షరం మీద వేలు పెట్టి, చీటీ మీద మొదటి అక్షరం మీద పెట్టాడు. తర్వాత రెండోది. తర్వాత మూడోది. అలా ఎనిమిది అక్షరాలూ పోల్చుకున్నాడు.

“ఇదీ, అదీ ఒకటే మాట గదా?”

“అయ్యో, వాడు వేరు, నేను వేరు బాబాయ్!”

పెద్దాయన చీటీని నాలుగు మడతలు పెట్టాడు.

“ఆయన గూడ బాబాయ్ అనే అంటడు.”